చాదర్‌ఘాట్‌లో మా నాయిన బండికి గొంతొచ్చింది

మలక్‌పేట మార్కెట్ గేటు దగ్గరికి తెల్లారకముందు వెళ్తే, ఎక్కడికొచ్చామో కళ్లకంటే ముందు ముక్కుకు తెలుస్తుంది. ఎండుమిర్చి ఘాటు. అలవాటు లేనివాళ్లు నాలుగు తుమ్ములు తుమ్మందే లోపలికి అడుగు పెట్టలేరు. ఉల్లిగడ్డ లారీలు ఓ వైపు, మిర్చి బస్తాల బండ్లు ఇంకో వైపు. ఆ వరసలో ఎక్కడో మా నాయిన పికప్ ఉంటుంది. వెతకడం కష్టమేం కాదు. ఎడమవైపు హెడ్‌లైట్ అద్దం పగిలి, దాని మీద టేపు అంటించి ఉన్న తెల్లబండి మాదే.

ఆ పగిలిన అద్దం వెనక ఓ కథ ఉంది. అందులో సగం తప్పు నాదే.

ఏపీ 24 బండి

మాది సూర్యాపేట దగ్గర ఓ పల్లె. నాయినది 2007 మోడల్ మహీంద్రా పికప్, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. నంబర్ ప్లేటు మీద ఇప్పటికీ ఏపీ 24 అనే ఉంటుంది. అది పాత నల్లగొండ జిల్లా కోడ్. తెలంగాణ వచ్చాక టీఎస్ వచ్చింది, 2016లో సూర్యాపేటే ఓ జిల్లా అయింది, 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. లోకం ఇన్నిసార్లు మారినా మా బండి పేరు మార్చుకోలేదు.

డ్యాష్‌బోర్డు మధ్యలో మొదటి ఓనర్ పెట్టించుకున్న క్యాసెట్ ప్లేయర్ ఒకటుండేది. బండి మా ఇంటికొచ్చేసరికే అది మూగబోయింది. క్యాసెట్ పెట్టే సందులో నాయిన టోల్ రసీదులు దోపేవాడు. 2021లో ఫాస్టాగ్ తప్పనిసరయ్యాక రసీదులు కూడా పోయాయి. తర్వాత ఆ సందులో అగర్‌బత్తి ప్యాకెట్ ఉండేది.

మిర్చి సీజన్లో నాయిన వారానికి రెండు మూడు రాత్రులు 65వ నంబరు జాతీయ రహదారి మీదే ఉంటాడు. రైతుల దగ్గర బస్తాలు ఎక్కించుకుని రాత్రి పదింటికి బయల్దేరితే కొర్లపహాడ్ టోల్, నార్కట్‌పల్లి, చిట్యాల, పంతంగి టోల్ దాటుకుంటూ అర్ధరాత్రి దాటాక మలక్‌పేట చేరతాడు. నాలుగు లైన్ల సాఫు రోడ్డు. గుంతలుంటే మనిషి మేల్కొని ఉంటాడు. సాఫు రోడ్డే నిద్ర తెస్తుంది.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ పోటీ పరీక్షలకు ప్రిపేర్ అవుతున్నాను. సాయంత్రాలు డెలివరీ పనికి పోతాను. పోయినేడు మొదటి నెల డబ్బులు చేతికొచ్చినప్పుడు నాయినకి ఏదైనా కొనాలనిపించింది. ఆన్‌లైన్‌లో బ్లూటూత్ కార్ స్టీరియో, దానితోపాటు సీటు వెనక పెట్టే గుండ్రటి బాస్ ట్యూబ్ బుక్ చేశాను. ఊరికి తీసుకెళ్లి, దారిలో ఓ షాపులో పెట్టించాను. ఫిట్టింగ్‌కి అరగంట పట్టింది. బాస్ కొడితే అద్దాలు అదిరాయి. నేను రీల్ తీసి స్టేటస్ పెట్టుకున్నాను. నాయిన నవ్వాడు. ఏమీ అనలేదు.

పది రోజులకే దెబ్బ పడింది. రాత్రి మలక్‌పేట వరసలో బండి పెట్టి, పాట ఆపి, తాళంచెవి తీసి క్యాబిన్లో పడుకున్నాడు. తెల్లారి వరస కదిలే టైముకి సెల్ఫ్ కొడితే టిక్కుమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. బ్యాటరీ డౌన్. లోడుతో ఉన్న బండిని తోయడానికి ఎవరు దొరుకుతారు? వెనక బండ్లన్నీ హారన్లు. పక్క డ్రైవర్ తన బ్యాటరీ నుంచి కేబుల్ ఇచ్చేదాకా గంటన్నర. దాంతో సరుకు దించడం ఆలస్యం, తిరుగు కిరాయి చేజారింది. ఆ మధ్యాహ్నమే నాయిన వైర్లన్నీ పీకి, స్టీరియోని గోనెసంచిలో చుట్టి సీటు కింద పడేశాడు. నాతో మాత్రం, "ఏం లేదు బిడ్డా, నాకు పాటలు అలవాటు లేదులే" అన్నాడు.

అలవాటు లేకపోవడం నిజం కాదు. ఆ తర్వాత ఫోన్‌నే ఒళ్లో పెట్టుకుని వినడం మొదలుపెట్టాడు. ఓ రాత్రి చిట్యాల దగ్గర ఫోన్ జారి కాళ్ల కింద పడింది. తీసుకోవడానికి వంగాడు. తల ఎత్తేసరికి బండి రోడ్డు అంచు దిగి, ఓ బోర్డు స్తంభాన్ని రాసుకుంటూ పోయింది. ఎడమ లైటు పగిలింది. అంతే. అంతకు మించి ఏమీ కాలేదు.

ఇది కూడా ఆయన చెప్పలేదు. పగిలిన లైటు చూసి నేను నాలుగుసార్లు అడిగితే చెప్పాడు.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక, ఫోన్ చేత్తో పట్టుకుని బండి నడపడం 'ప్రమాదకర డ్రైవింగ్' కిందికి వస్తుంది. మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేల వరకు జరిమానా, జైలు కూడా పడొచ్చు. ఆ రాత్రి నాయినకి పడింది ఓ లైటు ఖర్చు మాత్రమే. నాకు మాత్రం వారం రోజులు నిద్ర పట్టలేదు.

అందుకే ఈసారి మిర్చి దించాక తిరిగి వెళ్లొద్దన్నాను. "స్టీరియో సక్కగ పెట్టిద్దాం. చాదర్‌ఘాట్‌లో చేసేటోళ్లున్నరు" అన్నాను.

"మళ్ల అదే లొల్లా?" అన్నాడు. కానీ రానని అనలేదు.

నీటి దుప్పటి ఊరు

కాంటా, లెక్కలు అయ్యేసరికి పదకొండవుతుంది. ఈలోపు సామాన్లు చూద్దామని నేను నడుచుకుంటూ బయల్దేరాను. మలక్‌పేట నుంచి కోఠి వైపు నడిస్తే మెట్రో స్తంభాల నీడ వెంటే వస్తుంది. కాసేపటికి మూసీ, దాని మీద చాదర్‌ఘాట్ వంతెన.

మనలో చాలామందికి చాదర్‌ఘాట్ అంటే బస్సు కిటికీలోంచి చూసే ట్రాఫిక్ జామే. కానీ ఇది ఒకప్పుడు సొంత మునిసిపాలిటీ ఉన్న ఊరు. 1886లో చాదర్‌ఘాట్ మునిసిపాలిటీ విడిగా ఏర్పడింది. 1933లో దాన్ని హైదరాబాద్‌తో కలిపి నగరపాలక సంస్థ చేశారు. ఆ పేరుకీ ఓ కథ చెబుతారు. ఇక్కడ నదికి అడ్డంగా ఉన్న కట్ట మీంచి నీళ్లు చాదర్‌లా, అంటే పరిచిన దుప్పటిలా జారేవట. అందుకే చాదర్‌ఘాట్.

నీళ్లు ఎప్పుడూ దుప్పటిలానే జారలేదు. 1831లో కర్నల్ ఆలిఫెంట్ ఆధ్వర్యంలో ఇక్కడ రాతి వంతెన కట్టారు. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తినప్పుడు అదీ దెబ్బతింది, వేలమంది ప్రాణాలు పోయాయి. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. అయినా మూసీ అప్పుడప్పుడూ తన దారి గుర్తు చేస్తూనే ఉంటుంది. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తితే పక్కనే ఉన్న ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చాయి, చాదర్‌ఘాట్ లోతట్టు వంతెన మూసేశారు. ఆ వారం నాయిన కిరాయి కూడా ఆగింది.

వంతెన దాటాక కోఠి వైపు, చెట్ల వెనక పాత బ్రిటిష్ రెసిడెన్సీ. 1800ల తొలి ఏళ్లలో రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ కట్టించింది. 1949 నుంచి మహిళా కాలేజీ అందులోనే నడిచింది, ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. రెసిడెన్సీ చుట్టూ పెరిగిన బజారే తర్వాత సుల్తాన్ బజార్ అయింది. పెద్ద దొర ఇంటి పక్కన చిన్న వ్యాపారాలు ఎట్లా మొలుస్తాయో, అట్లా మొలిచి రెండు వందల ఏళ్లు నిలబడ్డ బజారు అది.

గుజరాతీ గల్లీలో వాట్ల లెక్క

కోఠిలో స్పీకర్ కొనాలంటే అందరూ చెప్పేది ఒకటే పేరు: గుజరాతీ గల్లీ. మనిషికి మనిషి తగిలే ఇరుకు. రెండు వైపులా అంతస్తుల కొద్దీ ఎలక్ట్రానిక్స్. పెళ్లి బ్యాండు వాళ్ల యాంప్లిఫయర్లు, గుడి మైకులు, మసీదు హారన్లు, డీజే కాయిల్స్, ఫోన్ ఛార్జర్లు, టీవీ రిమోట్లు. ఒక షాపులో అన్నమయ్య, పక్క షాపులో ఖవ్వాలీ, ఎదురుగా మార్ఫా బీటు, అన్నీ ఒకేసారి టెస్టింగ్‌లో.

హైదరాబాద్‌కి రేడియో కూడా ఈ చుట్టుపక్కల నుంచే పుట్టిందని తెలుసా? 1930ల్లో అబిడ్స్ చిరాగ్ అలీ లేన్‌లో ఓ చిన్న ట్రాన్స్‌మిటర్‌తో మొదలైన ప్రసారాల్ని 1935లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. అదే దక్కన్ రేడియో. 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. గుజరాతీ గల్లీ నుంచి చిరాగ్ అలీ లేన్‌కి నడిచి పోవచ్చు.

నా దృష్టి మాత్రం ఓ షాపులో వెలుగుతున్న తొమ్మిదించుల టచ్‌స్క్రీన్ మీద పడింది. మ్యాపులు, యూట్యూబ్, రివర్స్ కెమెరా, అన్నీ అందులోనే. షాపులో కుర్రాడు నా కళ్లు చూసి పని మొదలుపెట్టాడు. "అన్నా, డ్యాష్ కొంచెం కట్ చేస్తే కూసుంటది."

పాత బండ్ల డ్యాష్‌బోర్డులో స్టీరియో గూడు కొలత ఒకటే: సుమారు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. దాన్ని సింగిల్ డిన్ అంటారు. డిన్ అంటే జర్మనీ ప్రమాణాల సంస్థ పేరు. జర్మనీ వాళ్లు పెట్టిన కొలతే తర్వాత ప్రపంచమంతా పాకింది. అందుకే ఏ కంపెనీ సెట్ అయినా ఏ బండిలోనైనా కూర్చుంటుంది. దీనికి రెట్టింపు ఎత్తు ఉంటే డబుల్ డిన్. పెద్ద స్క్రీన్లకు అది కావాలి. మా బండిలో అంత చోటు లేదు, కోస్తే తప్ప.

డబ్బాల మీద అంకెలు ఇంకో మాయ. '4×50 వాట్స్' అని పెద్దక్షరాలు. డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదివిన నేను కూడా మొదటిసారి అది చూసే కొన్నాను. ఈసారి ఫోన్లో లెక్క వేశాను. ఇంజిన్ నడుస్తుంటే బండి కరెంటు 14.4 వోల్టుల దగ్గర ఉంటుంది. మామూలు స్పీకర్ 4 ఓములు. విడిగా యాంప్లిఫయర్ లేకుండా ఆ వోల్టేజీతో ఒక స్పీకర్‌కి శుభ్రంగా అందే శక్తి, ఎంత మంచి సెట్టయినా, 26 వాట్లు దాటదు. 50 అనేది ఓ క్షణం పాటు, శబ్దం చెడిపోయాక వచ్చే అంకె. డబ్బా మీద 'ఆర్‌ఎంఎస్' అని పక్కన రాసిన అంకెనే నమ్మాలి. 'పీఎంపీఓ' అని వేలల్లో రాసిందంటే అది అలంకారమే.

చేతిలో డబ్బు తక్కువ, మనసులో ఆశ ఎక్కువ. ఏం కొనాలో తేలలేదు. అప్పుడే నాయిన ఫోన్. "చాదర్‌ఘాట్ కాడికొచ్చిన. యాడున్నవ్?"

ఉస్తాద్ అడిగిన ఒక్క ప్రశ్న

వంతెనకు ఈవల, మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఓ సందు. ఆటోలు, పాత జీపులు, బ్యానెట్లు ఎత్తి నోరు తెరిచి ఉన్న కార్లు. రేకుల షెడ్డు కింద స్టూలు మీద ఓ పెద్దమనిషి. అరవై దాటి ఉంటాయి. కళ్లద్దాలు తాడుతో మెడలో వేలాడుతున్నాయి. అందరూ ఉస్తాద్ అనే పిలుస్తున్నారు, మేమూ అదే పిలిచాం.

నాయిన సీటు కింది గోనెసంచి తీసి స్టీరియో బయటపెట్టాడు. ఉస్తాద్ దాన్ని చూడనే లేదు. డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి, వేలాడుతున్న వైర్లను ఒక్కొక్కటే లాగి చూశాడు.

"యే కామ్ కౌన్ కరే?" అన్నాడు. ఈ పని ఎవరు చేశారని.

నేను చెప్పేలోపు నాయిన, "పోనీ భాయ్, అయ్యిందేదో అయ్యింది" అన్నాడు.

ఉస్తాద్ పసుపు, ఎరుపు వైర్లు రెండూ కలిపి మెలేసిన చోటు చూపించాడు. "దేఖో బేటా. పీలా అంటే సీదా బ్యాటరీ. టైమూ స్టేషన్లూ గుర్తుండేదానికి జరంత కరెంటు ఎప్పుడూ కావాలె. లాల్ అంటే చాబీ మీద. చాబీ తీస్తే సెట్టు బంద్ కావాలె. నీ బండిల రెండూ బ్యాటరీకే కట్టిండ్రు. నాయిన చాబీ తీసిండు, సెట్టు మాత్రం జాగ్‌తా రహా."

అంతటితో అయిపోలేదు. బాస్ ట్యూబ్‌లో ఉండే యాంప్లిఫయర్‌ని స్టీరియో ఆన్ అయినప్పుడే లేపడానికి నీలం గీత ఉన్న తెల్ల వైరో, తెల్ల గీత ఉన్న నీలం వైరో ఒకటుంటుంది. దాన్నీ వదిలేసి, యాంప్లిఫయర్‌ని నేరుగా బ్యాటరీకి తగిలించారు. పాట ఆగినా రెండూ రాత్రంతా కరెంటు తాగుతూనే ఉన్నాయి. ఒకటిన్నర ఆంపియర్ అనుకున్నా, తొమ్మిది గంటలకి పదమూడు పద్నాలుగు ఆంపియర్ అవర్లు. కొత్త బ్యాటరీ అయితే ఓర్చుకునేది. మాది ముసలిది.

ఓమ్ సూత్రం పరీక్షలో రాశాను. బండిలో మాత్రం అరగంట ఫిట్టింగ్‌కి మురిసిపోయి స్టేటస్ పెట్టుకున్నాను. ఆ నిమిషం నాయిన మొహం చూడలేకపోయాను.

నేను మాట మార్చడానికి టచ్‌స్క్రీన్ సంగతి ఎత్తాను. ఉస్తాద్ నన్ను వదిలేసి నాయిన వైపు తిరిగాడు.

"అన్నా, రాత్రి పూట ఏం వింటవ్?"

నేను ఒక్కసారి కూడా అడగని ప్రశ్న అది. నాయిన కాసేపు టైరు వైపు చూశాడు. "కథలు. ఒగ్గు కథలు. చుక్క సత్తయ్యవి ఫోన్ల ఎక్కిచ్చుకున్న. పాటకు నిద్రొస్తది భాయ్. కథకు రాదు. ఇంక ఏమైతదో అని మెలకువ ఉంటది."

మల్లన్న కథ వింటూ మా నాయిన నూట నలభై కిలోమీటర్లు వస్తాడని నాకు అప్పటిదాకా తెలియదు. నేను ఆయన కోసం కొన్నది బాస్ ట్యూబ్!

"తో ఫిర్, బాస్ నక్కో," అన్నాడు ఉస్తాద్. "డీజిల్ ఇంజిన్‌దే పెద్ద బాస్. దాని మీద ఇంకో బాస్ ఏస్తే కథ మునిగిపోతది. నీకు మాట సాఫ్ ఇనపడాలె. డోర్లకు రెండు మంచి స్పీకర్లు, ఫోన్ మాట్లాడేదానికి ఒక మైకు. బస్. స్క్రీన్ గిట్ల పెడితే కళ్లు రోడ్డు మీదుంటయా?"

ఆయన చెప్పింది తర్వాత ఆలోచిస్తే లెక్కకు సరిపోయింది. పాత డీజిల్ బండి క్యాబిన్లో మోత ఎక్కువగా కింది స్థాయిలో ఉంటుంది, బాస్ ఉండేదీ అక్కడే. మనిషి మాట అర్థమయ్యేది ప్రధానంగా ఆపై స్థాయిలో. ఫోన్ కాల్ సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్యనే నడిచినా అవతలి మనిషి మాట మనకు అర్థమవుతుంది కదా, అదీ సంగతి. బాస్ పెంచితే మాట కోసం మళ్లీ వాల్యూమ్ పెంచాలి. అప్పుడు వెనక బండి హారన్ వినపడదు.

మూడు గంటల పని

మళ్లీ గుజరాతీ గల్లీకి పరిగెత్తాను. నా పాత స్టీరియోలో తప్పేమీ లేదు, అదే వాడదామన్నాడు ఉస్తాద్. బాస్ ట్యూబ్‌ని ఓ షాపులో సగం ధరకి ఇచ్చేసి, ఆరించుల స్పీకర్ల జత, రబ్బరు కేసింగ్, ఫ్యూజు గూడు, ఓ యాంటెన్నా తీసుకున్నాను. జేబులోంచి వేసింది తొమ్మిది వందలు.

వచ్చేసరికి బ్యాటరీ మైనస్ వైరు ఊడదీసి ఉంది. కరెంటు పని మొదలుపెట్టే ముందు చేయాల్సిన మొదటి పని అదేనట, ఎక్కడైనా వైర్లు తగిలి మంట రాకుండా. పాత క్యాసెట్ ప్లేయర్‌ని మెల్లగా బయటికి లాగాడు. దాని వెనక నుంచి మూడు టోల్ రసీదులు, ఓ అగ్గిపుల్ల, ఎండిన మిరపకాయ ఒకటి రాలిపడ్డాయి. నాయిన రసీదుల మీద తేదీలు చూసి జేబులో పెట్టుకున్నాడు. ఎందుకో అడగలేదు.

పసుపు వైరు ఫ్యూజు దాటి బ్యాటరీకి. ఎరుపు వైరు తాళంచెవి స్విచ్చుకి. ఏ వైరులో ఎప్పుడు కరెంటు వస్తుందో టెస్ట్ ల్యాంపుతో చాబీ తిప్పి తిప్పి చూసి గానీ ఒక్కటీ కలపలేదు. స్పీకర్లకు తెలుపు ఎడమ, బూడిద రంగు కుడి. నల్లగీత ఉన్నది మైనస్. ఒక స్పీకర్‌కి ప్లస్ మైనస్ తారుమారైతే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని శబ్దం పల్చబడుతుందని చూపించడానికి కావాలనే ఒకసారి మార్చి కలిపాడు. నిజమే. గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు వినపడింది. సరిచేయగానే మనిషి ఎదురుగా కూర్చున్నట్టు.

మెలేసి టేపు చుట్టడం ఆయన పద్ధతి కాదు. ప్రతి అతుకూ సోల్డరింగ్. పైన రబ్బరు ట్యూబు. "టేపు ఎండకు కారిపోతది. ఎండాకాలం మీ నల్లగొండ తెలుసు గదా," అన్నాడు. డోరు లోపల స్పీకర్ వెనక ప్లాస్టిక్ షీటు గొడుగులా కట్టాడు. అద్దం పక్కనుంచి దిగే వాన నీళ్లు స్పీకర్ కాగితాన్ని తినేయకుండా.

అంతా కలిపి ఇంజిన్ స్టార్ట్ చేస్తే కొత్త సమస్య. కుయ్‌మని సన్నటి ఈల. యాక్సిలరేటర్ తొక్కితే ఈలా పెరుగుతోంది. నేను స్పీకర్లే పోయాయనుకున్నాను. ఉస్తాద్ తాపీగా నల్ల వైరు విప్పాడు. అది రంగు వేసిన రేకు మీద బిగించి ఉంది. కరెంటు తిరుగుదారి సరిగా లేకపోతే ఆల్టర్నేటర్ చప్పుడు పాటలోకి దూరుతుందట. ఛాసిస్ మీద ఓ చోట రంగు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, అక్కడ బోల్టు వేశాడు. ఈల ఆగిపోయింది.

మధ్యలో చాయ్ వచ్చింది. నాయిన, ఉస్తాద్ పక్కపక్కన స్టూళ్ల మీద కూర్చుని పాత బండ్ల గురించి మాట్లాడుకున్నారు. ఒకప్పుడు ట్రాక్టర్లకీ జీపులకీ క్యాసెట్ సెట్లు పెట్టించుకునేందుకు వరసలో నిలబడేవారట. తర్వాత సీడీలు, ఆ తర్వాత పెన్‌డ్రైవ్. ఇప్పుడు కొత్త బండ్లు కంపెనీ నుంచే స్క్రీనుతో వస్తున్నాయి. "అంతా సాఫ్ట్‌వేర్ అయిపోయింది. నా దగ్గరికి ఇట్లాంటి బుడ్డ బండ్లే వస్తయి," అని నవ్వాడు. ఆయన కొడుకు సెల్‌ఫోన్ రిపేర్లు చేస్తాడట, ఈ పనికి రానన్నాడట. షెడ్డులో పని నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ కనపడలేదు.

కూలీ ఎంతని అడిగితే ఆరు వందలన్నాడు. నాయిన బేరం ఆడలేదు. మిర్చి బస్తా దించే చోట రూపాయి దగ్గర కూడా వాదించే మనిషి!

మీ పాత బండికి పెట్టిస్తుంటే

• ముందు అడగాల్సింది ఎన్ని వాట్లని కాదు. బండి నడిపేవాళ్లు ఏం వింటారని.

• ఫిట్టింగ్ అయ్యాక చాబీ తీసి చూడండి. డిస్‌ప్లే ఆరిపోవాలి. మళ్లీ చాబీ పెడితే స్టేషన్లు గుర్తుండాలి. ఆరకపోతే ఎరుపు వైరు తప్పు. గుర్తుండకపోతే పసుపు తప్పు.

• పసుపు వైరు మీద ఫ్యూజు తప్పనిసరి. ఫ్యూజు పోతే అదే రేటింగు వేయండి. వెండి కాగితం చుట్టొద్దు, బండి తగలబడుతుంది.

• పెద్ద లారీలు, బస్సుల్లో చాలావాటికి 24 వోల్టుల సిస్టం ఉంటుంది. కారు స్టీరియో 12 వోల్టులది. నేరుగా కలిపితే కాలిపోతుంది, కన్వర్టర్ కావాలి.

• చాదర్‌ఘాట్‌కి మెట్రోలో అయితే మలక్‌పేట లేదా ఎంజీబీఎస్ స్టేషన్లో దిగి నడవొచ్చు. గుజరాతీ గల్లీకి సుల్తాన్ బజార్ లేదా ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ దగ్గర. కోఠి లోపలికి బండి తీసుకెళ్లకపోవడమే మంచిది.

వంతెన మీద

నాలుగున్నరకి బయల్దేరాం. నన్ను దిల్‌సుఖ్‌నగర్‌లో దింపి ఆయన ఊరికి. చాదర్‌ఘాట్ వంతెన మీద ఎప్పటిలానే జామ్. ముందు సిటీ బస్సు, పక్కన ఆటో, కింద నల్లటి మూసీ. నాయిన నాబ్ తిప్పాడు. ముందు గరగర, తర్వాత 102.8లో వివిధ భారతి. కొత్త యాంటెన్నా పుణ్యమా అని ఆ జామ్‌లో కూడా గీత పడకుండా వచ్చింది. ఎఫ్‌ఎం తరంగం దాదాపు చూపు సాగినంత దూరమే పోతుంది, ఎంత మంచి యాంటెన్నా అయినా చౌటుప్పల్ దాటాక పల్చబడుతుంది. అక్కడి నుంచి ఒగ్గు కథ.

నేను ఆయనకి ఫోన్ చేసి చూశాను, పక్కన కూర్చునే. సన్‌వైజర్ దగ్గర పెట్టిన మైకు పనిచేస్తోందో లేదో చూడాలి కదా. స్పీకర్లో రింగ్ మోగింది. చేయి ఫోన్ కోసం ఒళ్లోకి పోయింది, అలవాటు. "నాయినా, ఆ బటన్ నొక్కు" అన్నాను. నొక్కాడు.

"హలో" అన్నాడు నా మొహం చూస్తూ.

"ఇనపడుతుందా?" అన్నాను.

"ఆఁ. మంచిగ ఇనపడుతుంది. రోడ్డు మీద మాటలెందుకు, పెట్టేయ్" అని కట్ చేశాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. హెడ్‌లైట్ అద్దం కూడా మార్పిద్దామంటే వచ్చే కిరాయికి చూద్దామన్నాడు. బండి మెట్రో స్తంభాల మధ్య కలిసిపోయేదాకా నిలబడ్డాను. రాత్రి పదకొండింటికి మెసేజ్ చేయబోయి ఆగి, కాల్ చేశాను. రెండో రింగ్‌కే ఎత్తాడు. వెనక డోలు చప్పుడు, ఎవరో గొంతెత్తి కథ చెబుతున్నారు.

"ఇంటికి చేరలేదా?"

"వాకిట్లనే ఉన్న. కథ అయిపోనీ" అన్నాడు.

ఆ తర్వాత గుర్తొచ్చింది. ఇంజిన్ ఆపి ఎక్కువసేపు వింటే బ్యాటరీ దిగుతుందని చెప్పడం మర్చిపోయాను. మళ్లీ కాల్ చేయలేదు. తెల్లారి బండి స్టార్ట్ అయిందని అమ్మ చెప్పింది.